మన డాక్టరు మన దగ్గరే ఉండాలంటే

ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం: లబ్ధిదారుల అవగాహన సమావేశంలో ఒక డాక్టరు చేసిన ప్రసంగం

(చదవడం రాని పెద్దవాళ్లకు ఇంట్లోవాళ్లు చదివి వినిపించండి. పక్కింటివారికి కూడా ఫోన్‌లో పంపండి.)



ఈ కార్యక్రమం గురించి మీకు ఇప్పటికే కొంత తెలుసు. 104 బండి వస్తుంది, డాక్టరు వస్తారు, బీపీ, షుగర్ చూస్తారు, మందులు ఉచితంగా ఇస్తారు. అవన్నీ నిజమే. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇంకో సంగతి. వచ్చే డాక్టరు ప్రతిసారీ ఒకరే అయితే మీకు ఏం లాభం? ఆ డాక్టరు రెండేళ్లకే వెళ్లిపోతే ఏం నష్టం? అనుభవం ఉన్న డాక్టర్లు ఊళ్ల దగ్గర నిలబడాలన్నా, రిటైరైనవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు తిరిగి రోగుల్ని చూడాలన్నా ఏం కావాలి? అందులో ప్రభుత్వం పని ఎంత, మన పని ఎంత? ఇదే విషయం.

నేను ప్రభుత్వ డాక్టరుగా ఎక్కువ కాలం పీహెచ్‌సీల్లోనే పనిచేశాను. రిటైరయ్యాక మళ్లీ ఓపీ చూస్తున్నాను. కాబట్టి రెండు వైపులా తెలిసిన మాటలే చెబుతాను.

ముందు పథకం సంగతి క్లుప్తంగా

ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని 2022 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో పూర్తిస్థాయిలో ప్రారంభించారు. ప్రారంభించినప్పుడు దాని లెక్క ఇదీ:

• సుమారు 2,500 జనాభాకు ఒక విలేజ్ హెల్త్ క్లినిక్. రాష్ట్రం మొత్తం మీద 10,032 క్లినిక్‌లు.
• క్లినిక్‌లో బీఎస్సీ నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీ ఉంటారు. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు తోడు. 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు.
• పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు. ఒకరు పీహెచ్‌సీలో ఓపీ చూస్తుంటే, రెండోవారు 104 బండిలో ఊళ్లకు వెళ్తారు.
• ఒక్కో క్లినిక్‌కు డాక్టరు నెలకు రెండుసార్లు రావాలి. పొద్దున ఓపీ. మధ్యాహ్నం మంచం పట్టినవాళ్ల ఇళ్లకు, బడికి, అంగన్‌వాడీకి వెళ్లాలి.

ఇందులో చాలామంది గమనించని మాట ఒకటుంది. పీహెచ్‌సీ పరిధిలోని గ్రామ సచివాలయాలను ఇద్దరు డాక్టర్లకు పంచుతారు. అంటే మీ ఊరికి ఫలానా డాక్టరు అని ఉంటారు. ఎవరో ఒకరు వచ్చి చూసిపోవడం కాదు. ‘ఫ్యామిలీ’ అన్న మాట పెట్టింది అందుకే.

ఒకే డాక్టరు చూస్తే ఏమవుతుంది?

ఉద్దానం సంగతి మీ అందరికీ తెలుసు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను ముంచిందో చూశాం. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు. క్రియాటినిన్ అనే రక్తపరీక్షలో మాత్రం కొంచెం తేడా కనిపిస్తుంది.

ఒక రైతుకు గత ఏడాది క్రియాటినిన్ 0.8 ఉందనుకుందాం. ఈ ఏడాది 1.2 వచ్చింది. విడివిడిగా చూస్తే రెండు కాగితాల మీదా ‘నార్మల్’ అనే ఉంటుంది. కొత్తగా వచ్చిన డాక్టరుకు 1.2 ఒక్కటే కనిపిస్తుంది, ‘బాగానే ఉంది, వెళ్లిరా’ అంటారు. పాత కాగితం తెలిసిన డాక్టరు మాత్రం ఆగుతారు. ‘ఏడాదిలో ఇంత ఎందుకు పెరిగింది? నొప్పుల బిళ్లలు వాడుతున్నావా? బీపీ ఎలా ఉంది?’ అని అడుగుతారు. అడిగితే నొప్పుల బిళ్లలు ఆగుతాయి, బీపీ అదుపులోకి వస్తుంది, పరీక్ష మళ్లీ చేస్తారు. ఆ ఒక్క ప్రశ్న డయాలసిస్‌ను కొన్నేళ్లు వెనక్కి నెట్టవచ్చు.

షుగరూ అంతే, బీపీ అంతే. మీ ఆయన చనిపోయాక మీరు ఒంటరిగా ఉంటున్నారని, రెండు పూటలా వండుకోవడం లేదని, అందుకే షుగర్ ఒక్కోసారి పడిపోతోందని ఏ యంత్రమూ చెప్పదు. మిమ్మల్ని నాలుగేళ్లుగా చూస్తున్న డాక్టరమ్మకు తెలుస్తుంది.

ఇది ఊరికే అనుకునే మాట కాదు. నార్వే దేశంలో 2001 నుంచి జనానికి పేరుపేరునా ఒక ఫ్యామిలీ డాక్టరును కేటాయించే పద్ధతి ఉంది. అక్కడ సుమారు 45 లక్షల మంది వివరాలు పరిశీలించి 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే డాక్టరు దగ్గర ఏడాది మాత్రమే ఉన్నవాళ్లతో, 15 ఏళ్లకు పైగా ఉన్నవాళ్లను పోల్చారు. ఎక్కువ కాలం ఒకే డాక్టరు చూసినవాళ్లలో అత్యవసరంగా ఆసుపత్రిలో చేరే అవకాశం నాలుగో వంతుకు పైగా తక్కువ. చనిపోయే అవకాశం కూడా దాదాపు నాలుగో వంతు తక్కువ. ఇందులో కొత్త మందు ఏమీ లేదు. డాక్టరు మారలేదు, అంతే.

ఆర్ఎంపీ దగ్గరకు ఎందుకు వెళ్తున్నాం?

మనలో మనం నిజం మాట్లాడుకుందాం. జ్వరం వస్తే చాలామంది ముందు ఊళ్లో ఆర్ఎంపీ అని పిలిచే ఆయన దగ్గరకే వెళ్తారు. ఎందుకు? ఆయన చదువు చూసి కాదు. ఆయన 20 ఏళ్లుగా అదే ఊళ్లో ఉన్నాడు. మీ అత్తగారి పేరు తెలుసు. రాత్రి పదకొండుకు తలుపు కొట్టినా వస్తాడు. డబ్బులు పంట వచ్చాక ఇవ్వొచ్చు.

అంటే నమ్మకం ఎక్కడినుంచి వచ్చింది? అక్కడే ఉండటం వల్ల వచ్చింది. కానీ ఆయన చేతిలో ఉన్న ఇంజక్షన్‌లో స్టెరాయిడ్ ఉంటే షుగర్ పెరుగుతుంది. అవసరం లేని యాంటీబయాటిక్ వాడితే రేపు నిజంగా అవసరం వచ్చినప్పుడు అది పనిచేయకపోవచ్చు. రోజూ నొప్పుల మందు వేస్తే కిడ్నీ దెబ్బతింటుంది.

చదువు ఉన్న డాక్టరు ఊరి దగ్గర నిలబడితే ఆ నమ్మకమూ, ఆ చదువూ ఒకచోట కలుస్తాయి. ఈ పథకం నిలిచేది ఆ కలయిక మీదే. డాక్టరు నిలబడకపోతే 104 బండి మందుల బండిగానే మిగిలిపోతుంది.

మరి డాక్టర్లు ఎందుకు వెళ్లిపోతారు?

అందరూ డబ్బు కోసమే వెళ్లిపోతారని అనుకోకండి. కారణాలు ఇవి:

మొదటిది, చదువు. ఎంబీబీఎస్ చేసిన డాక్టరుకు పీజీ చేయాలని ఉంటుంది. పల్లెల్లో పనిచేసినవాళ్లకు పీజీ సీట్లలో ఇన్‌సర్వీస్ కోటా ఉంది. దాని కోసమే చాలామంది పీహెచ్‌సీకి వస్తారు. అది మంచిదే, ఆ ఆశ లేకపోతే వచ్చేవాళ్లు తగ్గుతారు. కానీ పీజీ అయ్యాక వాళ్లు పెద్దాసుపత్రిలో స్పెషలిస్టు అవుతారు. పీహెచ్‌సీకి మళ్లీ కొత్తవారు వస్తారు. ఊరు మళ్లీ మొదటినుంచి తన కథ చెప్పుకోవాలి.

రెండోది, ఎదుగుదల. అదే పీహెచ్‌సీలో ఏళ్ల తరబడి పనిచేసినా హోదా మారకపోతే ఎవరికైనా విసుగు వస్తుంది. సమయానికి పదోన్నతి కావాలని పీహెచ్‌సీ డాక్టర్లు అడుగుతున్నది అందుకే.

మూడోది, ఇల్లు, పిల్లలు. ఉండటానికి క్వార్టర్ సరిగా ఉండదు, నీళ్లు రావు, పిల్లలకు బడి దూరం, భర్తకో భార్యకో ఉద్యోగం వేరే ఊళ్లో. ముఖ్యంగా ఆడ డాక్టర్లు పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసేది ఇక్కడే. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ రావాలని ఉంటుంది. కానీ ఐదారేళ్లు స్టెతస్కోపు పట్టుకోకపోతే లోపల బెరుకు పుడుతుంది. ‘కొత్త మందులు వచ్చాయి, నాకు తెలియవేమో’ అనిపిస్తుంది.

నాలుగోది, మర్యాద. దీని సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే అది పూర్తిగా మన చేతిలో ఉంది.

ఐదోది, వయసు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకు రిటైర్మెంటు వయసు 2014లో 58 నుంచి 60 అయింది, 2022 జనవరి నుంచి 62 అయింది. 62 ఏళ్ల డాక్టరు అంటే 35 ఏళ్ల అనుభవం. ఆ అనుభవం ఒక సన్మానం, ఒక శాలువాతో ఇంటికి వెళ్లిపోతోంది.

నిలబెట్టడానికి, తిరిగి తేవడానికి దారులు

కేంద్ర ప్రభుత్వ డాక్టర్లకు రిటైర్మెంటు వయసు 65. అయితే 62 దాటాక పరిపాలన పదవుల్లో ఉండకూడదు, వైద్యసేవలోకి రావాలి. అంటే కుర్చీ వదిలి రోగి దగ్గరకు రావాలన్నమాట. నాకు ఈ నియమం చాలా నచ్చింది. పెద్ద డాక్టరు దగ్గర మనకు కావలసింది సంతకం కాదు, చెయ్యి.

ఇంగ్లాండులో ఫ్యామిలీ డాక్టరును జీపీ అంటారు. మన తెలుగు డాక్టర్లు అక్కడ చాలామంది పనిచేస్తున్నారు. పిల్లల వల్లనో, ఇంట్లో పెద్దవాళ్ల అనారోగ్యం వల్లనో, రిటైర్మెంటు దగ్గరపడో జీపీ ఉద్యోగం మానేసే పరిస్థితి వస్తే, అక్కడ ఒక ఏర్పాటు ఉంది. పూర్తిగా మానకుండా వారానికి నాలుగు పూటల వరకు పనిచేయవచ్చు. ఇలా ఐదేళ్ల దాకా చేయవచ్చు. అదనపు ఖర్చులో కొంత ప్రభుత్వ ఆరోగ్య సేవ భరిస్తుంది. ఇక రెండేళ్లకు పైగా ప్రాక్టీసు మానేసినవాళ్లు తిరిగి రావాలంటే, వాళ్లకు ఎంత శిక్షణ అవసరమో చూసి, అనుభవం ఉన్న డాక్టరు పక్కన కొంతకాలం పనిచేయించి, అప్పుడు రోగుల్ని అప్పగిస్తారు.

ఇందులో మనం నేర్చుకోవలసింది రెండే మాటలు. రోజంతా కుదరని డాక్టరుకు ఒక పూట దారి ఉండాలి. బెరుకుగా ఉన్న డాక్టరుకు కొన్నాళ్లు పక్కన నిలబడే మనిషి ఉండాలి.

మన దగ్గర ఇప్పటికే తెరిచి ఉన్న తలుపులు కొన్ని ఉన్నాయి. ఇవి మీకు తెలిస్తే, మీకు తెలిసిన డాక్టర్లకు మీరే చెప్పవచ్చు.

1. ప్రతి నెలా 9వ తేదీ. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ఆ రోజున ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేస్తున్నారు. ఆ ఒక్క రోజు వచ్చి స్వచ్ఛందంగా సేవ చేయమని బయటి డాక్టర్లను కూడా ప్రభుత్వం కోరుతోంది. మీ పట్టణంలో రిటైరైన గైనకాలజిస్టు ఉంటే ఈ మాట చేరవేయండి. నెలకు ఒక రోజుతో మొదలైన అలవాటు నిలుస్తుంది.

2. కాంట్రాక్టు పోస్టులు. పట్టణ ఆరోగ్య కేంద్రాలకు, ఇతర కార్యక్రమాలకు జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కార్యాలయం ఎప్పటికప్పుడు నోటిఫికేషన్లు ఇస్తుంది. వయసు, అర్హత అందులోనే ఉంటాయి. తిరిగి రావాలనుకునే డాక్టరు అక్కడ అడగాలి.

3. ఫోన్ ద్వారా వైద్యం. 2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్ నియమాలు ఇచ్చింది. ఈ-సంజీవని ద్వారా విలేజ్ క్లినిక్‌లోని ఎంఎల్‌హెచ్‌పీ దూరంలో ఉన్న డాక్టరుకు మిమ్మల్ని చూపించగలరు. ప్రయాణం చేయలేని పెద్ద డాక్టర్ల అనుభవం కూడా ఇలాంటి పద్ధతిలో అక్కరకు వస్తుంది.

అయితే ఒక షరతు. తిరిగి వచ్చే డాక్టరు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉండాలి. దాన్ని 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. పెద్దాయన కదా అని దీన్ని వదిలేయకూడదు. అది మీ రక్షణ కోసమే.

ఇక మన పని

జీతాలు, పదోన్నతులు, పోస్టులు ప్రభుత్వం చూడాలి. మనం చేయగలిగినవి ఇవి. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి కానీ, డాక్టరు ఉండాలా వెళ్లాలా అని ఆలోచించే రోజున ఇవే తూకం మార్చుతాయి.

ఒకటి, డాక్టరు వచ్చే రోజున రండి. తేదీ ఆశా కార్యకర్తను అడగండి. మందు అయిపోయిన రోజున కాదు, తేదీ ప్రకారం రండి. బీపీ తగ్గిందని మీ అంతట మీరు బిళ్ల ఆపకండి. బిళ్ల వేస్తున్నారు కాబట్టే తగ్గింది.

రెండు, ఒక ఫైలు పెట్టుకోండి. పది రూపాయల కవరు చాలు. పాత చీటీలు, పరీక్షల కాగితాలు తేదీల వరసలో పెట్టండి. 14 అంకెల ఆభా నంబరు ఉంటే కవరు మీద రాయండి. డాక్టరు మారినా మీ చరిత్ర మారకూడదు.

మూడు, ఇంజక్షన్, సెలైన్ కావాలని పట్టుబట్టకండి. ‘సూది వేయని డాక్టరు డాక్టరే కాదు’ అన్న మాట విని మంచి డాక్టర్లు మనసు కష్టపెట్టుకున్నారు.

నాలుగు, తప్పుడు సర్టిఫికెట్లు అడగకండి. వయసు మార్చి రాయమని, లేని జబ్బు రాయమని ఒత్తిడి చేస్తే నిజాయతీ ఉన్న డాక్టరే ముందు వెళ్లిపోతారు. వికలాంగుల పింఛను కోసం కావలసిన సదరం సర్టిఫికెట్ పీహెచ్‌సీ డాక్టరు చేతిలో ఉండదు. సదరం క్యాంపులో మెడికల్ బోర్డు చూసి ఇస్తుంది. స్లాట్ గురించి సచివాలయంలో అడగండి.

ఐదు, మర్యాద. ఇందాక తర్వాత చెబుతానన్నది ఇదే. ఆలస్యమైతే అడగండి, తప్పు జరిగితే ఫిర్యాదు చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉంది, జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి ఉన్నారు. కానీ చెయ్యి చేసుకోవడం, తిట్టడం, ఫోన్ మొహం మీద పెట్టి వీడియో తీయడం వద్దు. డాక్టర్ల మీద, సిబ్బంది మీద దాడి చేస్తే 2008 నాటి రాష్ట్ర చట్టం కింద 3 ఏళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా ఉంటాయి. చట్టం సంగతి అటుంచండి. ఒక ఊళ్లో ఒక్కసారి దాడి జరిగితే, ఆ ఊరి పేరు చెబితే తర్వాత పదేళ్లు ఏ డాక్టరూ ముందుకు రారు. దెబ్బ తిన్నది డాక్టరు ఒక్కరే కాదు, మీ ఇంట్లో రేపు పురుడు రావలసిన కోడలు కూడా.

ఆరు, ఉండటానికి చోటు. పీహెచ్‌సీలకు ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఉంటుంది. ఊరికి గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ ఉంటుంది. క్లినిక్‌లో బాత్రూం, తాగునీరు, ఫ్యాను, రోడ్డు గుంత, క్వార్టర్ మరమ్మతు ఇవన్నీ అక్కడ చర్చించవలసినవే. మీ సర్పంచిగారిని, ఆశా అక్కను అడగండి. ఆడ డాక్టరుకు శుభ్రమైన బాత్రూం లేని క్లినిక్‌లో ఆమె ఎన్నాళ్లు ఉంటారు?

ఏడు, బాగా చూసే డాక్టరు గురించి రాయండి. ఫిర్యాదు రాసేందుకు పదిమంది వస్తారు, మంచి మాట రాసేందుకు ఒక్కరూ రారు. ‘ఈ డాక్టరమ్మ మా ఊరికి క్రమం తప్పకుండా వస్తున్నారు, వీలైనంత కాలం ఇక్కడే కొనసాగించండి’ అని గ్రామసభలో చెప్పి, రాసి, జిల్లా అధికారికి పంపండి. బదిలీ ఆగుతుందని నేను మాట ఇవ్వలేను. కానీ ఆ కాగితం నకలు ఆ డాక్టరు చేతికి అందితే, అది వాళ్లు దాచుకుంటారు.

మీరు అడిగే ప్రశ్నలు

మా డాక్టరు పీజీకి వెళ్లిపోతున్నారు. ఏం చేయాలి?
సంతోషంగా పంపండి. వెళ్లేముందు చివరి డాక్టరు రోజున మీ ఫైలు తీసుకెళ్లి, ఏ మందు ఎందుకు వాడుతున్నారో, ఏ మందు మీకు పడదో స్పష్టంగా రాయించుకోండి. మంచం పట్టినవారి పేర్లు కొత్త డాక్టరుకు చెప్పమని ఎంఎల్‌హెచ్‌పీని కోరండి.

రిటైరైన డాక్టరుగారు ఇంటి దగ్గర చూస్తున్నారు. వెళ్లవచ్చా?
రిజిస్ట్రేషన్ ఉంటే వెళ్లవచ్చు. మందుల చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అక్కడ రాసిన చీటీ కూడా మీ ఫైలులో పెట్టి, మీ ఊరి డాక్టరుకు చూపించండి. ఇద్దరూ ఒకే మందు వేరే వేరే పేర్లతో రాస్తే మీరు రెట్టింపు వేసుకునే ప్రమాదం ఉంది.

విలేజ్ క్లినిక్‌లో డాక్టరుకు డబ్బు ఇవ్వాలా?
అక్కర్లేదు. చూడటం, పరీక్షలు, మందులు అన్నీ ఉచితమే.

గుండె నొప్పి వస్తే డాక్టరు వచ్చే రోజు దాకా ఆగాలా?
ఆగవద్దు. గుండె నొప్పి, పక్షవాతం, పాము కాటు, పురిటి నొప్పులు, ప్రమాదం ఏదైనా వెంటనే 108కు ఫోన్ చేయండి. ఫ్యామిలీ డాక్టరు రోజువారీ సంరక్షణకు, 108 అత్యవసరానికి.

చివరిగా ఒక్క మాట. మొక్కను నాటిన రోజున అందరూ ఫొటో దిగుతారు, నీళ్లు పోసేది మాత్రం ఆ ఇంటివాళ్లే. డాక్టరును పంపే పని ప్రభుత్వానిది. అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. వచ్చిన డాక్టరు పాతబడేదాకా నిలుపుకునే పనిలో మన వంతు మనం చేద్దాం. డాక్టరు పాతబడిన కొద్దీ మన జబ్బు ముందుగా దొరుకుతుంది.

ఈ రోజు ఇంటికి వెళ్లగానే రెండు పనులు చేయండి. మీ ఊరికి డాక్టరు వచ్చే రెండు తేదీలు క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. ఇంట్లో ఉన్న పాత చీటీలన్నీ ఒక కవరులో వేయండి. మిగతావి మీ డాక్టరు రోజున మాట్లాడుకోవచ్చు.